తీయకూడని గొట్టం

"మీరు తీస్తారా? నన్ను తీయమంటారా?"

లిఫ్టుల మెకానిక్ గొంతు వార్డు ఈ చివర్నుంచి ఆ చివరికి వినబడింది. తెర అవతలి మంచం మీద పెద్దాయన నిద్రలోంచి ఉలిక్కిపడ్డాడు. తననే అడుగుతున్నారనుకున్నట్టున్నాడు, "నావన్నీ ఎప్పుడో ఊడిపోయాయి బాబూ" అని బోసినోటితో గొణిగి అటు తిరిగి పడుకున్నాడు.

మంచం మీద వెల్లకిలా ఉన్న ఈత టీచరుకి నవ్వొచ్చింది. నవ్వితే మెడ కదులుతుంది. మెడ కదలకూడదు. పెదవిని పంటి కింద నొక్కిపెట్టి పైకప్పు వంక చూస్తూ ఉండిపోయింది.

అరిచింది ఆమె భర్తే. ఆయన చెయ్యి ఆమె మొహం మీదుగా చాచి ఉంది. గోళ్ల సందుల్లో గ్రీజు ఎన్ని సబ్బులకీ లొంగని చెయ్యి. అది మెడలోని గొట్టానికి జానెడు దూరంలో ఆగి ఉంది.

"సార్, చెయ్యి వెనక్కి తీసుకోండి," అంది నర్సు. "పెద్ద మేడమ్ వచ్చి చూసేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు."

"పనిచేయని పైపు మనిషి మెడలో దేనికమ్మా? అలంకారానికా?"

"చెప్పాను కదా సార్..."

"ఏం చెప్పావు? డయాలిసిస్‌కని నిన్న సాయంత్రం పెట్టారు. రక్తం రాలేదు. మిషను తగిలిస్తే కుయ్యోమని అరిచింది. పొద్దున స్కాను తీశారు. తీసిన దగ్గర్నుంచి నన్ను చూసి ఒక్కొక్కరూ పక్కకి తప్పుకుంటున్నారు. అప్పులవాణ్ణా నేను?"

ఆమెకీ అదే అనుమానం. రాత్రంతా గదమాయించిన నర్సులు స్కాను తర్వాత మెత్తగా మాట్లాడటం మొదలుపెట్టారు. రొమ్ము ఎముక వెనకాల ఎవరో బొటనవేలు అదిమినట్టున్న నొప్పి కంటే ఆ మెత్తదనానికే ఆమెకి ఎక్కువ భయం వేసింది.

"అల్లుడుగారూ, కాస్త కూర్చోండి." మంచం కాళ్ల దగ్గర్నుంచి అమ్మ గొంతు. "మీరలా కేకలేస్తే దానికి నొప్పి ఎక్కువవుతుంది."

"నేను కేకలేస్తే నొప్పి! మీ అబ్బాయి గుచ్చితే హాయా అత్తయ్యా?"

అమ్మ మంచం కాళ్ల దగ్గర దుప్పటి సర్దింది.

"ఇంట్లో డాక్టరు ఉండగా బయటివాళ్ల చేతుల్లో ఎందుకు పెట్టాలన్నారు. మావాడి చెయ్యి వెన్నముద్ద అన్నారు. ఏడీ వెన్నముద్ద? పొద్దున్నుంచి కనబడడేం? కరిగిపోయాడా?"

"వాణ్ణి మెట్ల మీద కాలర్ పట్టుకుని ఊపింది మీరు కాదూ?" అంది అమ్మ. "మళ్లీ ఆ మొహం చూపిస్తే చంపుతానంది మీరు కాదూ? కనబడమంటే ఎలా కనబడతాడు?"

ఈత టీచరు కళ్లు పైకప్పు మీదే ఉన్నాయి. ఈ సంగతి ఆమెకి ఇప్పుడే తెలిసింది.

పొద్దున్నుంచీ తలుపు ఎటుందో ఆ వైపు చెవి పెట్టుకుని పడుకుంది. తల తిప్పి చూసే వీలు లేదు. అడుగుల చప్పుడు బట్టి మనుషుల్ని పోల్చుకుంటోంది. మడమ ఆనించకుండా నడిచేది నర్సు. బూట్లు టకటకమనేది భర్త. తమ్ముడైతే ఎడమ చెప్పు ఈడుస్తాడు. చిన్నప్పట్నుంచీ అంతే, ఏ చెప్పులు కొన్నా ఎడమదే ముందు అరుగుతుంది.

ఆ ఈడ్పు చప్పుడు ఇంతవరకూ వినబడలేదు.

"ఏవండీ," అంది.

"ఊఁ."

"వాణ్ణి కొట్టారా?"

ఆయన జవాబు చెప్పేలోగా తెర సర్రున పక్కకి జరిగింది.

*

రక్తనాళాల సర్జన్ పొట్టి మనిషి. మాట కూడా పొట్టిదే. రోగి మొహానికి ఎదురుగా వంగి, తన మొహం ఆమెకి కనబడేలా నిలబడింది. పొద్దున్నుంచి ఆ మర్యాద చేసిన మొదటి మనిషి ఆవిడే.

"మెడ కదపట్లేదు కదా? మంచిది. నేను చెప్పేది వినండి. భయపడటం తర్వాత."

"చెప్పండి."

"మెడలోంచి గుండెకి రక్తం తీసుకెళ్లే పెద్ద సిర ఉంటుంది. ఈ గొట్టం దాని లోపలే ఉండాలి. లేదు. మలుపు దగ్గర గోడకి చిల్లు పెట్టుకుని బయటికి పోయింది. కొస ఇప్పుడు ఛాతీ లోపల, సిరకి అవతల ఉంది."

అమ్మ "అయ్యో" అని కుర్చీలో కూలబడిన చప్పుడు.

"చూశారా? నేనదే మొత్తుకుంటున్నా." మెకానిక్ ముందుకొచ్చాడు. "తప్పు దారిన పోయిందా లేదా? పోయినప్పుడు లాగేయాలా వద్దా?"

"లాగితే మీ ఆవిడ ఈ మంచం మీదే పోతుంది," అంది సర్జన్. గొంతు పెంచలేదు. "చిల్లు పెట్టిందీ ఆ గొట్టమే, చిల్లుకి బిరడా అయిందీ ఆ గొట్టమే. అది అక్కడ బిగుసుకుని ఉంది కాబట్టే రక్తం లోపలికి కారట్లేదు. బిరడా పీకితే ఆపడానికి నాకు బయట్నుంచి చెయ్యి అందదు. అది ఎముకల వెనకాల ఉంది."

మెకానిక్ ఇందాక జానెడు దూరంలో ఆగిన తన చేతి వంక చూసుకున్నాడు. ఆ చేతిని ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు.

"లిఫ్టు పెట్టె జారినప్పుడు," అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు, "అడుగున బ్రేకు దవడలు పట్టాల్ని కరుచుకుంటాయి. కొత్తగా పనిలో చేరినవాడు ముందు ఆ దవడల్నే విడిపించబోతాడు. పైనుంచి గొలుసు వేసి బరువు దానిమీద పడ్డాకే విడిపించాలి. లేకపోతే పెట్టె, వాడు, ఇద్దరూ కిందే."

"మీకే బాగా తెలుసు," అంది సర్జన్. "నా గొలుసు కింద నుంచి వస్తుంది. తొడ దగ్గర సిరలోంచి సన్న తీగ పైకి పంపుతాను. దాని మీద బెలూను. అది చిల్లు దగ్గర సిద్ధంగా ఉంటుంది. ఇక్కడ గొట్టం బయటికి జరుగుతుంటే అక్కడ బెలూను ఉబ్బి అడ్డం పడుతుంది. ఆ తర్వాత లోపలి వైపు నుంచి ఒక తొడుగు వేసి చిల్లు మూసేస్తాను."

"మూసుకోకపోతే?" అన్నాడు మెకానిక్.

"ఛాతీ తెరిచేవాళ్లు పక్క గదిలో చేతులు కడుక్కుని నిలబడతారు."

పక్క మంచం పెద్దాయన దగ్గు ఆపుకున్నాడు.

"కానీ అంతకంటే ముందు డయాలిసిస్ కావాలి. రక్తంలో పొటాషియం పెరిగిపోయింది. ఇలాగే ఆపరేషన్ బల్ల మీదకి తీసుకెళ్తే సిర సంగతి దేవుడెరుగు, గుండె ఆగుతుంది. తొడలో తాత్కాలికంగా ఒక గొట్టం పెడతాను."

"ఇంకో గొట్టమా!" అంది అమ్మ.

"అవునమ్మా. ఇది నేను పెడతాను. సూది ఎక్కడికి పోతోందో స్కాను తెర మీద చూస్తూ పెడతాను." సర్జన్ నిటారుగా నిలబడబోయి ఆగింది. "ఒక్కటే అర్థం కాలేదు. కుడి పక్క దారి తిన్నగా ఉంటుంది. ఎడమ పక్క రెండు మలుపులు. తప్పనిసరైతే తప్ప ఎవరూ ఎడమ పక్క పెట్టరు. ఈమెకి కుడి పక్క ఏ లోపమూ లేదు. ఎడమ పక్క ఎందుకు పెట్టాడు?"

"అడగండి మా బావమరిదిని," అన్నాడు మెకానిక్. "స్కాను దగ్గర ఎవరో అనగా విని పొద్దున నేనూ అదే అడిగా. నేల చూపులు చూశాడు."

ఈత టీచరు పైకప్పు మీద ఒక పగులుని పట్టుకుని, దాని వెంట ఆ మూలదాకా వెళ్లింది.

చెప్పలేదన్నమాట వాడు.

*

తొడలో పెట్టిన గొట్టం సరిగ్గా పనిచేసింది. మిషను అరవకుండా గుండ్రంగా తిరుగుతోంది. రక్తాన్ని పలచబరిచే మందు వేయకుండా నడుపుతున్నారు కాబట్టి నర్సు మాటిమాటికీ వచ్చి గొట్టాల్లో గడ్డలు కడుతున్నాయేమో చూసిపోతోంది.

దాహం. పొద్దున్నుంచి గుక్క నీళ్లు లేవు. అమ్మ దూది తడిపి పెదాల మీద అద్దుతోంది. దూదిలో ఉన్న తడినే నాలిక కొసతో అందుకుంది ఆమె. అమ్మ చూసీ చూడనట్టు మళ్లీ ముంచింది.

"అత్తయ్యా, మీరు వెళ్లి ఏమైనా తినండి," అన్నాడు మెకానిక్. "నేనద్దుతా."

అమ్మ అనుమానంగా దూది అందించి వెళ్లింది. ఆయన అద్దడం మొదలుపెట్టాడు. గడ్డం మీదకి నీళ్లు కారాయి.

"ఇరుసుకి నూనె పోస్తున్నారా?" అంది.

"ఊరుకో. మెడ కదులుతుంది." ఆయన చొక్కా కొసతో గడ్డం తుడిచాడు. "ఎడమ పక్క ఎందుకు పెట్టాడే వాడు?"

మిషను తిరుగుతోంది.

"నేనే పెట్టమన్నా," అంది.

దూది గాల్లో ఆగిపోయింది.

"ఏంటి?"

"ఎడమ పక్క పెట్టమన్నది నేనే. వాడు కుడి పక్కే పెడతానన్నాడు. మందు కూడా పూశాడు. నేను ఒప్పుకోలేదు."

"ఎందుకు?"

"కర్ర పట్టేది కుడి చేత్తో."

ఆ కర్ర సంగతి ఆయనకి తెలుసు. ఈత కొలను గట్టు మీద ఆమె నడుస్తూ, కొత్తగా నేర్చుకునే పిల్లల ముందు నీళ్లలోకి చాచే పొడుగాటి వెదురు కర్ర. పిల్లలు మునిగిపోతామనుకున్నప్పుడు అందుకోవడానికి. చాలామంది దాన్ని ముట్టుకోరు. అది కనబడుతుంటే చాలు, ఈదేస్తారు. ఆమె కిడ్నీలు చెడిన దగ్గర్నుంచి కొలనులో కొత్త పిల్లల్ని చేర్చుకోవడం లేదు.

"కుడి మెడలో పైపు పెడితే చెయ్యి చాచనివ్వరు," అంది. "ఎడమ పక్కైతే కనీసం గట్టు మీదకి వెళ్లొచ్చు కదా అనిపించింది. వాడు వద్దక్కా వద్దక్కా అంటూనే ఉన్నాడు. నీకు చేతకాకపోతే చెప్పరా, బయటివాళ్లతో పెట్టించుకుంటానన్నా. అంతే, మాట్లాడకుండా నా తలని అటు తిప్పాడు."

"నన్నడగాలనిపించలేదా?"

"అడిగితే వద్దంటారు."

"అంటాను! వెయ్యిసార్లు అంటాను! కర్ర కోసమా? ప్రాణం కంటే ఆ కర్ర ఎక్కువా నీకు?"

"కర్ర కోసం కాదండీ."

"మరి? పిల్లల కోసమా?"

ఆమె కళ్లు మూసుకుంది. పొద్దున్నే తాళం తీసేసరికి కొలను ఎలా ఉంటుందో కనబడింది. ఎవరూ దిగకముందు నీళ్లు ఇస్త్రీ చేసిన గుడ్డలా ఉంటాయి. అడుగున నీలం పలకలు ఒక్కటీ వంకర పోకుండా ఉంటాయి. మొదట దిగేవాళ్లు ఆ గుడ్డని చింపాలి. ఎన్నో ఏళ్లుగా ఆ చింపేది తనే. భుజాల మీదుగా చల్లదనం మూసుకునే ఆ ఒక్క క్షణం కోసం చలికాలం కూడా మానలేదు. ఇప్పుడు మెడలో గొట్టం ఉన్నంతకాలం తడి తగలకూడదు. స్నానానికి కూడా తడి గుడ్డే.

"గట్టు మీద కూర్చుని పాదాలు నీళ్లలో పెట్టుకుందామని," అంది. "పాదాలు మాత్రమే."

మెకానిక్ దూది గిన్నెలో పడేసిన చప్పుడైంది.

"నువ్వా నీళ్ల వంక చూసినట్టు నా వంక ఎప్పుడైనా చూశావా?"

కోపం కాదు అది. కోపమైతే ఆమెకి తేలికయ్యేది.

"మీరు చూడ్డానికి నిలకడగా ఎక్కడున్నారు?" అంది మెల్లగా. "ఎప్పుడు చూసినా పైకన్నా పోతుంటారు, కిందకన్నా దిగుతుంటారు."

ఆయన నవ్వబోయాడు. నవ్వు వెక్కులా మారింది. మొహం తుడుచుకోవడానికి అటు తిరిగినట్టున్నాడు, కుర్చీ కిర్రుమంది.

"వాణ్ణి మెట్ల మీద రెండు దెబ్బలేశా," అన్నాడు అటు నుంచే. "చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఎడమ పక్క ఎందుకు పెట్టావురా అని ప్రతి దెబ్బకీ అడిగా. ఒక్క మాట, అక్కే పెట్టమంది బావా అని ఒక్క మాట అంటే ఆగేవాణ్ణి కదా! అనలేదు వెధవ."

"వాణ్ణి పిలవండి."

"ఏ మొహం పెట్టుకుని పిలవనే?"

"ఉన్న మొహమే పెట్టుకుని పిలవండి. మన దగ్గర ఇంకోటి లేదు."

*

డయాలిసిస్ అయ్యాక సర్జన్ మళ్లీ వచ్చింది. గుండె నిలకడగా ఉందంది. ఆపరేషన్ గది సిద్ధమవుతోందంది.

"మేడమ్, మెడ దగ్గర గొట్టం బయటికి తీసేది ఎవరు?" అంది ఈత టీచరు.

"నా జూనియర్."

"మా తమ్ముడు తీస్తాడు."

సర్జన్ వంగి ఆమె కళ్లలోకి చూసింది. "ఇది బతుకు చావుల వ్యవహారం. అక్కాతమ్ముళ్ల మనసు కుదుటపరచడానికి నా గది వాడుకోనివ్వను."

"వాడు ఇవాళ తీయకపోతే ఇంకెప్పుడూ ఇంకొకరి ఒంటి మీద సూది పెట్టడు. నాకు తెలుసు."

"పెట్టకపోతే పోయేది ఉద్యోగం. మీకు పోయేది ప్రాణం."

"అది ఎలా లోపలికి పోయిందో ఎవరి చేతికి తెలుసు మేడమ్? ఎక్కడ అడ్డం తగిలిందో, ఎక్కడ జారిందో మీ జూనియర్‌కి తెలుస్తుందా?"

సర్జన్ పెన్ను మూత తీసింది, పెట్టింది.

"ఆ సంగతి నేనూ అతన్ని అడగాలనే అనుకుంటున్నాను," అంది చివరికి. "రమ్మనండి. ముందు అతని చేతులు చూస్తాను. వణికితే బయటికే."

ఆవిడ వెళ్లిపోయింది. ఈత టీచరు చెవి మళ్లీ తలుపు వైపుకి పోయింది.

మడమ ఆననిది, నర్సు. చక్రాల కుర్చీ. ఎవరో పిల్ల నవ్వు. బకెట్టు. తర్వాత టకటకమని బూట్లు. బూట్ల వెనకాల ఇంకేదైనా ఉందేమోనని ఆమె ప్రాణమంతా చెవిలోకి తెచ్చుకుంది.

బూట్లు ఒంటరిగానే వచ్చాయి.

"రానన్నాడు," అన్నాడు మెకానిక్. రొప్పుతున్నాడు. "పాత మందుల గది పక్కన మెట్ల కింద కూర్చున్నాడు. బతిమాలా. కాళ్లు పట్టుకోబోయా. 'నీ తప్పు లేదు బావా, నువ్వెళ్లు' అంటాడు. 'నా చేతులు నావి కావు' అంటాడు. ఏం మాట అది? ఎవరివి మరి?"

"అమ్మ ఏదీ?"

"అక్కడే ఉంది. 'మీ ఇద్దర్నీ కన్న ఈ పొట్ట ఎవరి వైపు నిలబడాలిరా' అని ఒకటే ఏడుపు. ఆవిడ ఏడుస్తుంటే వాడు ఇంకా గోడలోకి దూరిపోతున్నాడు."

ఆమె ఆలోచించింది.

"ఏవండీ, ఒక మాట చెప్పి రండి. తాబేలు రాకపోతే అక్క మెడ తిప్పి తలుపు వైపు చూస్తుందట అని."

మెకానిక్ మొహం ఆమెకి ఎదురుగా వచ్చింది. తెల్లబోయి ఉంది. "తిప్పుతావా?"

"తిప్పను. కానీ వాడికి తెలీదుగా."

"నువ్వూ నీ తమ్ముడూ..." ఆయన మాట పూర్తి చేయకుండానే పరిగెత్తాడు.

ఈసారి బూట్ల వెనకాల ఈడ్పు చప్పుడు వినబడింది. తొందర తొందరగా. తడబడుతూ. ఆమె గుటక మింగింది. మింగితే ఛాతీలో బొటనవేలు గట్టిగా అదిమింది.

"అక్కా, తిప్పకు! తిప్పకు, వచ్చాను."

"ఇటు రా. నాకు కనబడేలా నిలబడు."

వచ్చాడు. కింది పెదవి వాచి ఉంది. మెడ భుజాల్లోకి లాక్కుని నిలబడ్డాడు, చిన్నప్పట్లాగే. కొలను దగ్గరికి తీసుకెళ్తే ఇలాగే మెడ లోపలికి లాక్కునేవాడు. తాబేలని పేరు పెట్టింది అందుకే. నీళ్లంటే భయపడే తాబేలు. ఎంతోమంది పిల్లల్ని ఆమె నీళ్లలోకి దింపింది గానీ సొంత తమ్ముణ్ణి మోకాలు దాటించలేకపోయింది.

"బావకి ఎందుకు చెప్పలేదురా, నేను పెట్టమన్నానని?"

"నువ్వు అడిగావు. కాదనాల్సింది నేను. రోగి అడిగినవన్నీ చేయడానికి డాక్టరెందుకు?"

"నేను రోగినా నీకు?"

"నిన్న కాకపోయావు. అందుకే ఇలా అయింది." అతను వాచిన పెదవి తుడుచుకున్నాడు. "ఇంకోటుంది. వినక్కా. అది ఎక్కిస్తున్నప్పుడు మలుపు దగ్గర అడ్డం తగిలింది. కొంచెం ఒత్తాను. టక్కుమని వదిలింది. అలా వదలకూడదు. నా చేతికి తెలిసింది. అక్కడే ఆగి ఎక్స్‌రే చూడాల్సింది. అంతలో నువ్వు అయిపోయిందారా తాబేలూ అన్నావు. నవ్వుతూ అన్నావు. అయిపోయిందక్కా అన్నాను."

మెకానిక్ కుర్చీ పట్టుకున్నాడు. అమ్మ ఏడుపు ఆగింది.

ఆమె తమ్ముడి మొహం చూస్తూ ఉంది. తిట్టాలని ఉంది. దగ్గరికి లాక్కోవాలని ఉంది. రెండింటికీ మెడ కదలాలి.

"ఆ టక్కుమన్నది ఎక్కడో ఆ మేడమ్‌కి చెప్పావా?"

"లేదు."

"చెప్పు. నాకు చెప్పినట్టే, ఏదీ దాచకుండా చెప్పు. ఆ తర్వాత నీ చేత్తోనే తీయి."

"వణుకుతున్నాయక్కా."

"చూపించు."

చూపించాడు. వణుకుతున్నాయి. మెకానిక్ ముందుకొచ్చి, ఏమీ అనకుండా ఆ రెండు చేతుల్నీ తన గ్రీజు చేతుల మధ్య పెట్టుకున్నాడు. పొద్దున మెట్ల మీద కొట్టిన చేతులే అవి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"సబ్బుతో కడుక్కో," అన్నాడు మెకానిక్ చివరికి, గొంతు సవరించుకుని. "నా మురికి అంటింది."

*

గదిలో చలి. పైన పెద్ద దీపం. మెడ మీదా తొడ మీదా తప్ప ఒళ్లంతా ఆకుపచ్చ గుడ్డ కప్పారు. మొద్దుబారడానికి సూదులు వేశారు గానీ నిద్ర మందు ఇవ్వలేదు. మెలకువగా ఉండి చెప్పినట్టు చేయాలన్నారు.

సర్జన్ కాళ్ల వైపు ఉంది. తలుపు దగ్గర తమ్ముడు ఆవిడకి చెప్పిందంతా ఆమె వింది. అడ్డం ఎక్కడ తగిలింది, ఎంత ఒత్తాడు, ఎక్కడ వదిలింది. ఆవిడ తిట్టలేదు. తెర మీద చిత్రాన్ని కాస్త పెద్దది చేయించి, "ఇక్కడా?" అంది. "ఇంకొంచెం లోపలికి," అన్నాడు. బెలూను ఆవిడ అనుకున్న చోటు నుంచి ఇంకొంచెం లోపలికి జరిగింది.

తర్వాత ఆవిడ అతని చేతులు చూసింది. ఏమందో వినబడలేదు. కానీ ఇప్పుడు మెడ దగ్గర, గుడ్డ అంచు పైన కనబడుతున్న రెండు కళ్లు తమ్ముడివే.

"బెలూను సరైన చోట ఉంది," అంది సర్జన్. "కుట్లు విప్పు."

కత్తెర కిచ్ మంది. ఇంకోసారి కిచ్ మంది.

"నేను అనగానే. ఒకే వేగంతో. మధ్యలో ఆగకు. వెనక్కి తోయకు."

"సరే మేడమ్."

"ఛాతీ వాళ్లు?"

"ఉన్నాం," అంది పక్క గది తలుపు లోంచి ఒక గొంతు.

ఈత టీచరుకి అతని కళ్లే కనబడుతున్నాయి. తడిగా ఉన్నాయి గానీ కదలట్లేదు. వాణ్ణి ఇంత దగ్గరగా చూసి ఎన్నేళ్లైంది? పెళ్లైన దగ్గర్నుంచి చూసిందంతా గుమ్మాల్లో, పండక్కి వచ్చిన చుట్టాల మధ్యలో, ఫోన్లో. చెయ్యి చాచి ఆ కనుబొమ్మని తాకాలనిపించింది. చేతులు గుడ్డ కింద కట్టేసి ఉన్నాయి.

"ఇప్పుడు," అంది సర్జన్.

తమ్ముడు ఆమె చెవి దగ్గరికి వంగాడు. గొట్టం తీసేటప్పుడు గాలి సిరలోకి పోకుండా ఉండటానికి ప్రతి రోగికీ చెప్పే మాటే చెప్పాడు. కానీ అందరికీ చెప్పినట్టు చెప్పలేదు.

"అక్కా, ఊపిరి పీల్చు. బిగపట్టు. నేను వదలమనేదాకా వదలకు."

ఆమె పీల్చింది. బిగపట్టింది.

మెడ లోపల ఏదో పొడుగ్గా, మెత్తగా కదిలింది. జారుతోంది. ఆగకుండా, ఒకే వేగంతో జారుతోంది. ఛాతీలో పొద్దున్నుంచీ అదిమిన బొటనవేలు ఒక్కసారిగా లేచిపోయింది. ఆ ఖాళీలో గోరువెచ్చగా ఏదో తగిలింది.

గదిలో గుండె మిషను చప్పుడు ఒక్కటే, ఇందాకటి కంటే గబగబా.

మెడ మీద తమ్ముడి అరచెయ్యి బలంగా నొక్కి ఉంది. అది వణకడం లేదు. అతని కళ్లు మాత్రం ఆమె మీద నుంచి బెలూను కనబడే తెర మీదకి వెళ్లి అక్కడే నిలబడిపోయాయి.

ఊపిరి ఛాతీలో బరువెక్కింది. చెవుల్లో హోరు మొదలైంది. ఆమె అతని కళ్ల వంకే చూస్తోంది, ఇటు తిరుగుతాయని.

అతను ఇంకా వదలమనలేదు.